నెరిసిన జుట్టు, అనిత్యం, మన ఆడవాళ్లు

తల నెరిస్తే రంగు వేసుకోవచ్చా, కూడదా? ఇదీ ఒక ధమ్మ ప్రశ్నేనా అని నవ్వేవాళ్లుంటారు. వాళ్లలో మగవాళ్లే ఎక్కువ. కానీ వందన అయిపోయి చాపలు చుట్టేటప్పుడు, టీ గ్లాసులు కడిగేటప్పుడు మన ఆడవాళ్లు నన్ను పదే పదే అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయే ఒక పెద్దమ్మ, "అంతా అనిత్యం అని చదువుతున్నాం గదమ్మా, మరి రంగు పూసుకుంటే అబద్ధమాడినట్టు కాదా?" అంది. బట్టల షాపులో పనిచేసే ఒక చెల్లెలిది వేరే బాధ. "రంగు వేసుకోకపోతే పనిలో ఉండనివ్వరక్కా. వేసుకుంటే నెత్తంతా దురద." ఈ ఇద్దరికీ జవాబు చెప్పకుండా అనిత్యం మీద గంటసేపు ఉపన్యాసం ఇస్తే అది మైకు ముందు మాటగానే మిగిలిపోతుంది.

ముందు అసలు జరిగేదేమిటో ఉన్నదున్నట్టు చూద్దాం. ఏ దుఃఖానికైనా కారణం వెతకమన్నాడు బుద్ధుడు. కారణం తెలియకుండా దేన్నీ నమ్మొద్దన్నాడు బాబాసాహెబ్.

ప్రతి వెంట్రుకకీ చర్మం లోపల ఒక చిన్న కుదురు ఉంటుంది. వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు ఆ కుదురులో ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఆ కణాలు తగ్గిపోతాయి, అప్పుడు వచ్చే వెంట్రుక రంగు లేకుండా వస్తుంది. అంటే నల్లగా ఉన్నది రాత్రికి రాత్రి తెల్లబడటం లేదు, కొత్తగా పుట్టేదే తెల్లగా పుడుతోంది. తల వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు నుంచి ఆరేళ్లు బతికి, రాలి, అదే కుదురులోంచి మళ్లీ ఇంకోటి వస్తుంది. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. ముట్లు ఆగిపోయే వయసులో ఒంట్లో ఈస్ట్రోజన్ తగ్గుతుంది, వెంట్రుక పెరిగే కాలం కురచవుతుంది, వెంట్రుక సన్నబడుతుంది, పాపిడి వెడల్పవుతుంది. నెత్తిమీద నూనె గ్రంథులు కూడా మందగిస్తాయి. అందుకే జుట్టు పొడిబారి చేతికి గరుగ్గా తగులుతుంది. తెల్ల వెంట్రుకలు కొందరికి సన్నటి తీగల్లా నిక్కబొడుచుకుని నిలబడతాయి. కుదురు ఆకారం మారితే సాఫీ జుట్టులో వంకీలు రావచ్చు, ఉంగరాల జుట్టులో ఉంగరాలు విడిపోవచ్చు. "ఇది నా జుట్టు కాదమ్మా, ఎవరి జుట్టో తెచ్చి నాకు పెట్టినట్టుంది" అని ఒకావిడ అంది. అందులో సగం నిజం ఉంది.

అనిత్యం అనగానే మనం చావుని, పోవడాన్ని, రాలిపోవడాన్ని తలుచుకుంటాం. ఉపన్యాసాల్లో శవాలు, ఎండుటాకులు తప్ప ఇంకో ఉదాహరణ దొరకదు. కానీ పుట్టడం కూడా అనిత్యమే. మన నెత్తిమీద జరుగుతున్నది పోవడం ఒక్కటే కాదు, వేరే రకం జుట్టు పుట్టుకొస్తోంది. దాని తీరు వేరు, దానికి కావాల్సినవి వేరు. ఇరవై ఏళ్లప్పుడు చేసినట్టే దీన్నీ దువ్వి, లాగి, గట్టిగా జడేసి, తెగిపోతోందని ఏడవడం అనిత్యాన్ని చూడకపోవడమే. మారినదాన్ని మారినట్టుగా చూసుకోవడం పట్టు వదలడంలో భాగం. తృష్ణ ఉన్నది పాత జుట్టు మీద. కొత్త జుట్టుకి నూనె రాసుకోవడంలో తృష్ణ ఎక్కడుంది?

అన్నిటినీ వయసు మీదకి నెట్టేయడం కూడా తప్పే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం కంటే ఎక్కువ. ఒంట్లో ఇనుము తక్కువైతే జుట్టు రాలుతుంది. థైరాయిడ్ తేడా చేసినా రాలుతుంది. టైఫాయిడో డెంగీయో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి కుచ్చులు కుచ్చులుగా ఊడి, మళ్లీ వస్తుంది. పిల్లల్ని ముందు పెట్టి చివరికి మిగిలిన చారు నీళ్లు, మెతుకులు తిన్న మనిషి జుట్టు ఊడుతుంటే ఆమెకు అనిత్యం గురించి చెప్పకూడదు. రక్త పరీక్ష చేయించాలి. తొలగించగల దుఃఖాన్ని ప్రకృతి ధర్మం అనడం మనకు కొత్త కాదు, దానికే కర్మ అని పేరు పెట్టి వేల ఏళ్లు మనల్ని కూర్చోబెట్టారు. ధమ్మం పేరుతో మనమే ఆ పని చేయొద్దు.

తల నెరవడం గురించి బౌద్ధ సాహిత్యంలో ఉన్న రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒకటి మఖాదేవుడనే రాజుది. తలలో తెల్ల వెంట్రుక కనిపిస్తే చెప్పమని క్షురకుడికి ముందే చెప్పి ఉంచుతాడు. కనిపించింది. క్షురకుడు దాన్ని పీకి రాజు చేతిలో పెట్టాడు. రాజు దాన్ని దేవదూతగా భావించి, కొడుక్కి రాజ్యం అప్పగించి, క్షురకుడికి ఒక గ్రామం ఇచ్చి, తల గొరిగించుకుని వెళ్లిపోయాడు. కథ బాగుంది. కానీ ఆ రాజు ఒక్క వెంట్రుక చూసి వెళ్లగలిగాడంటే వెనక రాజ్యం ఉంది, అందుకోవడానికి కొడుకున్నాడు. మన పెద్దమ్మకి తెల్ల వెంట్రుక ఏ కబురు తెస్తుంది? మేస్త్రి "ముసల్దానివి, రేపట్నించి రావొద్దు" అంటాడన్న కబురు తెస్తుంది. దూత ఒకటే అయినా కబురు మారిపోయింది.

బాబాసాహెబ్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" ముందుమాటలో అడిగిన ప్రశ్న ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడనే కథను ఆయన ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఒక్క ముసలివాడు కూడా కంటపడలేదా అని నిలదీశాడు. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకీ కోలియులకీ వచ్చిన తగాదాను, యుద్ధాన్ని సిద్ధార్థుడు వ్యతిరేకించడాన్ని అసలు కారణంగా ముందుకు తెచ్చాడు. అంటే మనకు అందిన ధమ్మంలో నెరిసిన తల చూసి బెదిరి పారిపోవడం లేదు. ముసలితనం అందరికీ వస్తుంది. ఆ ముసలితనంలో ఒకరికి పింఛను, కుర్చీ, మర్యాద ఎందుకు దొరుకుతున్నాయి, ఇంకొకరికి ఎందుకు దొరకడం లేదు అన్నది మన ప్రశ్న.

రెండోది అంబపాలిది. వైశాలి నగర వేశ్య. లిచ్ఛవులకంటే ముందు బుద్ధుణ్ణి భోజనానికి పిలిచి, వాళ్లు లక్ష ఇస్తామన్నా ఆ అవకాశం వదులుకోని మనిషి. తన మామిడితోటను సంఘానికి ఇచ్చింది, తర్వాత భిక్షుణి అయింది. థేరీగాథలో ఆమె తన ముసలి శరీరాన్ని ఒక్కో భాగంగా చూస్తూ చెప్పిన గాథలున్నాయి. ఆమె మొదలుపెట్టింది జుట్టుతోనే. రంగు మారడం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, నారలా తయారైందని దాని తీరు కూడా చెప్పింది. అది చేత్తో పట్టుకుని చూసిన మనిషి చెప్పే మాట. ఆ గాథల్లో ఏడుపు లేదు, అసహ్యం లేదు. నిజం చెప్పే బుద్ధుడి మాట తన ఒంటి మీదే రుజువవుతోందని ప్రతిసారీ అంటుంది. రాజుకి ఒక వెంట్రుక చాలింది, అంబపాలి తలంతా చూసుకుంది. నాకు ఆమే దగ్గరగా అనిపిస్తుంది.

సరే, రంగు సంగతి. నాలుగో శీలం మాటకు సంబంధించింది. అవతలి మనిషిని మోసం చేయాలని తెలిసి అబద్ధం చెప్పడం. జుట్టుకి రంగు వేసుకున్నామె ఎవరిని ఏం నష్టపరిచింది? సంఘంలో భిక్షువులు తెల్ల వెంట్రుకలు పీకించుకోవద్దని వినయ పిటకంలో నియమం ఉంది. అది భిక్షువులకు. దువ్వెన కూడా వాళ్లకు వద్దన్నారు. ఉపాసికలకు ఆ నియమం లేదు. మనం నాగపూర్ దీక్షాభూమి నుంచి తెచ్చుకున్న 22 ప్రతిజ్ఞల్లో జుట్టు ఊసే లేదు. షాపు యజమాని "రంగు వేసుకునే రా" అన్నప్పుడు అక్కడ ఏదైనా అబద్ధం ఉంటే అది ఆ యజమానిది. అమ్మేవాళ్లంతా పాతికేళ్లలోపు వాళ్లే అని కొనేవాళ్లకు చూపించాలనుకునేది ఆయన. ఆ భారాన్ని మన చెల్లెలి శీలం మీద వేయడం అన్యాయం.

నేను రంగు వేసుకోను. అందులో నా గొప్పేమీ లేదు. నన్ను పనిలోంచి తీసేసే యజమాని లేడు, అంతే. మన సభల్లో ఒక విచిత్రం మాత్రం చూస్తుంటాను. తెల్ల గడ్డం ఉన్న నాయకుణ్ణి "మేధావి" అంటారు, తెల్ల జుట్టున్న నాయకురాలిని "మామ్మగారు" అంటారు. ఆడవాళ్ల రంగు మీద వ్యాఖ్యానాలు చేసే వేదిక మీద మీసాలు ఎంత నల్లగా ఉంటాయో ఒకసారి ముందు వరసలో కూర్చుని చూడండి. తల నెరిసినంత మాత్రాన ఎవరూ థేరుడు కారని ధమ్మపదం చెబుతుంది. పొట్టిగా ఉన్నందుకు సామణేరుడనుకున్న లకుంటక భద్దియ గురించి వచ్చిన గాథ అది. ఆ మాటని తిప్పి చదివితే, తల నెరిసినంత మాత్రాన ఎవరూ పనికిరానివాళ్లూ కారు.

అయితే రంగు వేసుకునేటప్పుడు ఏ ఆలోచనతో వేసుకుంటున్నామన్నది చూసుకోవాల్సిందే. ఇష్టంగా వేసుకుంటే ఒకటి. పనికోసం వేసుకుంటే ఒకటి. "తెల్లజుట్టు కనబడితే నేను మనిషిని కాను" అనిపించి పదిరోజులకోసారి భయంతో పూసుకుంటే అది వేరు. అప్పుడు జుట్టు మీద కాదు, ఆ భయం మీద పని చేయాలి.

ఇంతకంటే కష్టమైన ప్రశ్న ఇంకోటుంది. ధ్యానంలో శరీరాన్ని ముప్పై రెండు భాగాలుగా చూడమంటారు. కేసా, లోమా, నఖా, దంతా, తచో అని మొదలవుతుంది. తల గొరిగించుకుని ప్రవ్రజ్య తీసుకునేవాళ్లకు మొదట చెప్పేవి ఈ అయిదే. శరీరం శుభ్రమైంది కాదు, దాని మీద వ్యామోహం వద్దు అని దాని భావం. ఒక శిబిరంలో దీన్ని వివరిస్తుంటే వెనక వరసలోంచి ఒక చెల్లెలు లేచింది. "మా ఒళ్లు మైల అని ఊరంతా చెప్పింది. ఇప్పుడు మీరూ అదే చెబుతున్నారా?" అంది. వివరిస్తున్నాయన దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న న్యాయమైంది.

నాకు తోచింది చెబుతాను. కులం చెప్పిన మైల కొందరి ఒళ్లకే వర్తిస్తుంది. అదే బావి, అదే నీళ్లు, ఒకరు ముట్టుకుంటే మైల, ఇంకొకరు ముట్టుకుంటే తీర్థం. ముప్పై రెండు భాగాల ధ్యానం అలా కాదు. రాజు జుట్టూ అంతే, పురోహితుడి పిలకా అంతే, మన జడా అంతే అంటుంది. పిలకకి పవిత్రత లేదనేది అందులో ఉన్న అసలు దెబ్బ. కానీ ఎవరికి ఏది ముందు చెప్పాలో తెలియాలి. తన ఒంటిమీద ఎక్కువ మోజున్నవాడికి అశుభ భావన మందు. పుట్టినప్పటినుంచీ తన ఒళ్లంటే సిగ్గు నేర్పించబడిన మనిషికి ముందు కావాల్సింది మైత్రి, అదీ తన ఒంటిమీద. 1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్లతో మాట్లాడినప్పుడు, అంటరానితనాన్ని పట్టిచ్చే చీరకట్టు, నగలు వదిలేయమన్నాడు. 1942 జూలైలో నాగపూర్ మహిళల సభలో శుభ్రంగా ఉండమన్నాడు. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని నిలబడటం మనకు సోకు కాదు, పోరాటంలో ఒక భాగం. సోకులు మాని ధ్యానం చేయండి అని మన ఆడవాళ్లకు చెప్పేవాళ్లు ఈ చరిత్ర చదువుకోవాలి.

ఉంగరాల జుట్టు గురించి ఒక్క మాట. భద్ద అనే ఆమె మొదట నిగంఠుల సంఘంలో చేరినప్పుడు తాటి దువ్వెనతో జుట్టు పీకేశారట. మళ్లీ వచ్చింది కుండలాల్లా వంకీలు తిరిగి వచ్చిందట. అందుకే కుండలకేశ అయింది. ఊరూరా వాదాలు చేసి గెలిచిన ఆమెను సారిపుత్రుడు ఓడించాడు, బుద్ధుడు "రా భద్దా" అని పిలిచి సంఘంలో చేర్చుకున్నాడు. జుట్టు తీరు మారడం మన సాహిత్యంలో ఒక పేరుగా నిలిచిపోయింది. బుద్ధ విగ్రహాల తల మీద ఉన్నవీ ఉంగరాలే. ఇంట్లో ఆ విగ్రహం ముందు కొవ్వొత్తి వెలిగించి, కూతురి రింగుల జుట్టుని వేలు పోసి పార్లర్లో సాఫీ చేయించే తల్లులు కాస్త ఆలోచించాలి. ఆ మందుల్లో కొన్నిటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, పొగ పీల్చేవాళ్లకీ పట్టించేవాళ్లకీ మంచిది కాదు.

ఇక చూసుకోవడం. కుంకుడుకాయ బాగానే శుభ్రం చేస్తుంది గానీ పొడిబారిన జుట్టుని ఇంకా పొడి చేస్తుంది. వారానికి రెండుసార్లకి మించి అక్కర్లేదు. తల పోసుకునే ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుక తక్కువ దెబ్బతింటుంది. తడి జుట్టు సులువుగా తెగుతుంది, అందుకని కాస్త ఆరనిచ్చి వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. నుదుటి దగ్గర లాగి గట్టిగా జడ వేస్తే అక్కడి కుదుళ్లు మెల్లగా చచ్చిపోతాయి, మళ్లీ రావు. తట్టలు మోసే మన ఆడవాళ్లకి నడినెత్తిన జుట్టు పలచబడేది వయసుతో కాదు, బరువుతో, రాపిడితో. చుట్టకుదురు మెత్తటి నూలు గుడ్డతో మందంగా చుట్టుకోవాలి, మోసే చోటు అటూ ఇటూ మారుస్తుండాలి. తట్ట బరువు తగ్గించమని అడగడం ఇంకా మేలు.

రంగు వేసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి అది పడదు, దురదతో మొదలై మొహం కళ్లు వాచిపోతాయి. కొత్త రంగు కొన్నప్పుడు చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడాలి. ఒకసారి పడకపోతే ఇక ఎప్పుడూ ముట్టుకోవద్దు. నల్ల హెన్నా అని అమ్మేదాంట్లోనూ ఇదే ఉంటుంది. అసలు గోరింటాకు ఎర్రగా పండుతుంది, నల్లగా కాదు. కడుపులోకి పోతే ప్రాణం మీదకి తెస్తుంది కాబట్టి పిల్లలకి అందకుండా పెట్టాలి.

రాలిన జుట్టుని దువ్వెనలోంచి తీసి గోడ సందులో దోపి, స్టీలు గిన్నెలవాడు రాగానే ఇచ్చే అలవాటు మన వాడల్లో ఇంకా ఉంది. తలమీదుంటే అందం, అన్నంలో పడితే అసహ్యం, వాడి సంచిలో పడితే సరుకు, సవరమై దేశం దాటితే మళ్లీ అందం. వెంట్రుక అదే. విలువ ఎక్కడుందని వెతికే ధ్యానానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు దొరకలేదు.

చివరిగా ముసలమ్మల సంగతి. భుజం పైకి లేవని, చేతివేళ్లు వంకర్లు పోయిన తల్లికి తల ఎవరు దువ్వుతారు? చాలా ఇళ్లలో జరిగేది చూస్తున్నాం. పేలు పడుతున్నాయనో, టైం లేదనో, ఒకరోజు కత్తెర తెచ్చి మెడదాకా కత్తిరించేస్తారు. అడగరు. విధవరాలికి గుండు చేయించిన ఆచారం కూడా ఆమెను అడగలేదు. ఆమె జుట్టు మొగుడి కోసమే అన్నారు, మొగుడు పోగానే తీసేయించారు. మహారాష్ట్రలో నారాయణ మేఘాజీ లోఖండే క్షురక సోదరులను కూడగట్టి, విధవల తలలు గొరగబోమని వాళ్లతో చెప్పించాడు. మరి భిక్షుణి తల కూడా గుండే కదా? మహాపజాపతి గోతమి బుద్ధుడు ఒప్పుకోకముందే తన జుట్టు తనే కోసుకుని, కాషాయం కట్టుకుని, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని వైశాలికి నడిచింది. అక్కడా కత్తే, ఇక్కడా కత్తే. ఆ కత్తి ఎవరి ఇష్టంతో కదిలిందన్నదే తేడా.

మా మహిళా బృందంలో ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు వందన అయ్యాక ఇద్దరేసి చొప్పున, ఇల్లు కదలలేని ముసలమ్మల దగ్గరికి వెళ్తున్నారు. వెడల్పు దువ్వెన, నూనె, మెత్తటి తువ్వాలు తీసుకెళ్తారు. ముందు అడుగుతారు, కత్తిరించమంటారా, దువ్వమంటారా, అసలు ముట్టుకోవద్దంటారా అని. ముట్టుకోవద్దన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గర కాసేపు కూర్చుని వస్తారు. ఒకావిడ పొట్టిగా కత్తిరించేయమంది, ఇన్నేళ్లు మోసింది చాలంది. ఎనభై దాటిన ఇంకొకావిడకి పట్టుమని వంద వెంట్రుకలు కూడా లేవు. ఆమె జడ వేయమంది, చివర్న ఎర్ర రిబ్బన్ కట్టమంది. ఆ ఆదివారం రిబ్బన్ తీసుకెళ్లలేదు. మా పిల్ల ఒకతి బజారుకెళ్లి కొనుక్కొచ్చింది.